చేప నోటికి తగిన గాలము



పద్యమూ, వ్యాకరణమూ చెప్పుకొనే ఈ పుటలో గాలాల ముచ్చట ఏమిటని మీలో కొందరికి తోచవచ్చు. తెలుగు పండితుడిగా ముప్పై నాలుగేండ్లు పాఠాలు చెప్పినవాడిని. ఆదివారం వస్తే ఏదో ఒక చెరువుగట్టు మీద వెదురుకర్ర పట్టుకొని కూర్చునేవాడినన్న సంగతి మాత్రం ఇక్కడ ఇంతవరకు చెప్పలేదు. చెప్పకపోవడానికి కారణం ఒకటి ఉన్నది. దానిని కూడా ఈ టపాలోనే చెప్పి బరువు దించుకుంటాను.

మొన్న మా మేనల్లుడు హైదరాబాదు నుండి జనగామకు వచ్చాడు. వాడికి కొత్తగా చేపల వేట సరదా పట్టింది. సంచిలోనుండి ఒక పొట్లం తీసి నా ముందు పెట్టాడు. మధ్యలో ఇనుప స్ప్రింగు, దాని చుట్టూ ఆరు గాలాలు వేలాడుతున్నాయి. స్ప్రింగు మీద పిండిముద్ద మెత్తి నీటిలో వేస్తే కార్పు చేప ఏ వైపు నుండి వచ్చి నోరు పెట్టినా ఏదో ఒక గాలం పట్టుకొంటుందట. "మామయ్యా, ఇది మంచిదేనా? వేరేది కొనమంటావా?" అని అడిగాడు. ఒక్కమాటలో జవాబు చెప్పలేకపోయాను. వాడికి చెప్పవలసినదంతా కూర్చుకొంటే ఇంత అయింది.

నా అభిప్రాయం ముందే చెప్తున్నాను. గాలాన్ని ఎన్నుకోవలసింది చేప నోటిని చూసి, దాని తిండి తీరును చూసి. మన ఆశను చూసి కాదు. ఒక తంగూసుకు ఒకే గాలం ఉండాలి. ఆ గాలానికి ముల్లు లేకుంటే ఇంకా మంచిది. ఈ మాట నాది కాదు. 1980లలో నేను భూపాలపల్లి వైపు పనిచేస్తున్నప్పుడు ఘనపురం గణపసముద్రం కట్టమీద ఒక బెస్త పెద్దాయన చెప్పినది. విని తలూపాను. ఇరవై ఏండ్ల తరువాత గానీ నాకు అర్థం కాలేదు.

ముందు మాటల సంగతి. పండితుడి అలవాటు పోదు కదా! సంస్కృతంలో బడిశము, తెలుగులో గాలము. దాని అంగాలకు మన పల్లెల్లో ఒక్కొక్కచోట ఒక్కొక్క పేరు వినిపిస్తుంది. ఈ టపా కోసం ఇలా అనుకొందాం. తంగూసు కట్టే రంధ్రం చెవి. నిలువుగా ఉండే భాగం కాడ. తిరిగే చోటు వంపు. కొస మొన. మొన కింద వెనుకకు చీలి ఉండేది ముల్లు. మొనకూ కాడకూ మధ్య ఖాళీ నోరు. ఈ ఆరు మాటలు చాలు. మీ ప్రాంతంలో వేరే మాటలుంటే తెలియజేయండి, దాచుకుంటాను.

ఈ చిన్న వస్తువు వయస్సు తక్కువేమీ కాదు. జపాన్ దేశంలో ఒకినావా దీవిలోని సకితారి గుహలో నత్తగుల్లను చెక్కి చేసిన గాలాలు దొరికాయి. వాటి వయస్సు సుమారు 23,000 ఏండ్లని లెక్క తేల్చారు. మన దగ్గరికి వస్తే, కల్యాణి చాళుక్య చక్రవర్తి మూడవ సోమేశ్వరుడు మానసోల్లాసంలో మత్స్యవినోదమని ఒక ప్రకరణమే వ్రాశాడు. ఆయన పాలించినది 1126 నుండి 1138 వరకు. అనుమకొండ కాకతీయులు అప్పటికింకా ఆ చక్రవర్తులకు సామంతులు. చేపల రకాలు, ఏ చేప ఎక్కడ తిరుగుతుంది, దేనికి ఏ తిండి ఇష్టం, గాలంతో ఎట్లా పట్టాలి, ఇవన్నీ అందులో ఉన్నాయి. రాజుకు కూడా ముందు చేప తిండి తెలియవలసి వచ్చింది, ఆ తరువాతనే వేట.

మన చెరువుల్లోని కార్పుల నోళ్లను చూద్దాం. కార్పు అనే మాటకు మన వాడుకలో ఒకే పేరు లేదు. బొచ్చె, రవ్వు, మోసు, బంగారుతీగ అని వేరువేరుగా పిలుస్తాం. ఒక విధంగా అదే మేలు, ఎందుకంటే వీటి నోళ్లు కూడా వేరువేరే. వీటన్నిటికీ దవడల మీద పళ్లుండవు. గొంతులో ఉంటాయి. అందుచేత ఇవి కొర్రమీను వలె ఎరను కరిచి లాగవు, నోటితో పీలుస్తాయి. ఈ ఒక్క సంగతి తెలిస్తే గాలపు విద్య సగం వచ్చినట్లే.

బొచ్చె పైనీటి చేప. తల పెద్దది, నోరు వెడల్పుగా పైకి తిరిగి ఉంటుంది. నీటిలో తేలే సూక్ష్మజీవులను వడగట్టుకొని బ్రతుకుతుంది. పిండిముద్దను కరవదు. ముద్ద కరిగి నీటిలో మేఘం వలె విచ్చుకొంటుంటే ఆ పిండినీటిని పీలుస్తుంది. రవ్వు నడిమినీటి చేప. పెదవులు కుచ్చుల వలె ఉంటాయి, నోరు చిన్నది, కొంచెం కిందికి వంగి ఉంటుంది. మోసు అడుగున తిరిగేది. దాని నోరు ఇంకా కిందికి ఉంటుంది, బురదలోని కుళ్లిన ఆకూ అలమూ దాని ఆహారం. ఇక బంగారుతీగ పరదేశి. ఊటీకి 1939లో ఒక రకం, బ్యాంకాక్ నుండి 1957లో మరొక రకం మన దేశానికి వచ్చాయి. పెదవుల పక్కన రెండు జతల మీసాలుంటాయి. నోటిని గొట్టం వలె ముందుకు చాపి, బురదతో సహా ఎరను పీల్చి, నోటిలోనే పరీక్షించి, నచ్చనిదానిని ఊసివేస్తుంది. పీల్చడం, ఊయడం రెప్పపాటులో జరిగిపోతాయి. గాలం బరువుగా ఉన్నా, మొన మొద్దుగా ఉన్నా దానికి తెలిసిపోతుంది. బెండు ఒకసారి కదిలి ఊరుకొన్నదంటే, మనం ఓడిపోయామని అర్థం.

దీనిని బట్టి గాలం చూడాలి. బంగారుతీగకు కాడ పొట్టిగా, నోరు వెడల్పుగా, మొన కొంచెం లోపలికి వంగిన గాలం పనిచేస్తుంది. పీల్చినప్పుడు తేలికగా లోపలికి పోతుంది, ఊసేటప్పుడు కింది పెదవికి తగులుకొంటుంది. రవ్వుకూ మోసుకూ ఇంతకంటే చిన్నది కావాలి. బొచ్చెకు నోరు పెద్దదే కానీ పీల్చేది మెత్తని పిండి, కాబట్టి దానికి కూడా పెద్ద గాలం అక్కరలేదు. పెద్ద చేపకు పెద్ద గాలమని లెక్క వేస్తే అక్కడే తప్పుతుంది. మనిషి ఎంత పొడగరి అయినా మాత్ర గొంతుకు సరిపోయేంతే ఉంటుంది కదా.

అంగడిలో అడగవలసింది అంకె. ఈ అంకె తిరగేసి ఉంటుంది. 2, 4, 6, 8, 10 అని అంకె పెరిగిన కొద్దీ గాలం చిన్నదవుతుంది. ఒకటి దాటి అటు వైపు పోతే 1/0, 2/0 అని పక్కన సున్నా చేరి గాలం పెద్దదవుతుంది. మోటారు చుట్టే తీగ గేజి తెలిసిన రైతుకు ఇది చెప్పనక్కరలేదు, అక్కడ కూడా అంకె పెరిగితే తీగ సన్నబడుతుంది. మన చెరువుల కార్పులకు 4 నుండి 10 లోపల సరిపోతుంది. కిలో రెండు కిలోల బంగారుతీగకు 6, రవ్వుకు 8 నేను వాడేవి. అయితే ఒక కంపెనీ ఆరుకూ మరో కంపెనీ ఆరుకూ పొత్తు ఉండదు. కాబట్టి అంకెను నమ్మి కొనకుండా, గాలాన్ని అరచేతిలో పెట్టుకొని మనం వేయబోయే ఎర పక్కన ఉంచి చూడాలి. ఎర్రను గుచ్చాలంటే కాడ పొడుగుండాలి. తవుడూ పల్లిచెక్కా కలిపిన ముద్దకు కాడ పొట్టిదే మంచిది. ఉడికించిన మక్క గింజకు చిన్న గాలం చాలు. ఎర గుచ్చిన తరువాత గాలపు నోరు పూర్తిగా పూడిపోతే ఆ గాలం ఎరకు చాలదు. మొన చేప పెదవిని చేరడానికి దారి ఉండాలి.

మొన పదును చూడడానికి బొటనవేలి గోరు చాలు. మొనను గోరు మీద ఆనించి మెల్లగా లాగితే గీత పడి ఆగాలి. జారిపోతే దానిని పక్కన పెట్టవలసిందే. తీగ మందం కూడా చూడాలి. సన్నని తీగ సులభంగా దిగుతుంది కానీ పెద్ద చేప లాగితే నిఠారుగా సాగుతుంది. తుంగా నాచూ లేని నీటిలో సన్ననిది, మొద్దులున్న చెరువులో కొంచెం మందమైనది. ఇక లోహం. తుప్పు పట్టని ఉక్కు గాలం చూపుకు బాగుంటుంది, ఎన్నేండ్లయినా మెరుస్తుంది. నేను తుప్పు పట్టేదే కొంటాను. ఎందుకన్నది కింద తెలుస్తుంది.

ఇప్పుడు గుత్తిగాలాల మాట. మూడు గాలాలను వీపులు ఆనించి కట్టడం, స్ప్రింగు చుట్టూ ఆరు వేలాడదీయడం ఎందుకు వచ్చిందో పైన చెప్పిన బొచ్చె తిండితీరును బట్టి ఊహించవచ్చు. ముద్ద చుట్టూ పిండిని పీలుస్తున్న చేప, పిండితో పాటు ఏదో ఒక గాలాన్ని పీల్చుకొంటుందని ఆశ. పనిచేయదని అనను. ఎక్కువే పడతాయి. నేను కూడా పట్టాను. కానీ నోటికి తగిలేది ఒకటైతే, చేప గింజుకొన్నప్పుడు మిగిలినవి ఊరుకోవు. కంటికి, చెవితట్టకు, కడుపుకు తగులుతాయి. ఒడ్డుకు వచ్చిన చేప సంగతి సరే, కూర అవుతుంది. తెంపుకొని పోయిన చేప మూతి చీలి, రెండు గాలాలు ఒంట్లో మోసుకొని చెరువులోనే తిరుగుతుంది. చేపకు నొప్పి ఏమిటని నవ్వేవారున్నారు. ట్రౌట్ చేప తల మీద, మూతి చుట్టూ గాయాన్ని పసిగట్టే నాడులు ఉన్నాయని 2003లో బ్రిటన్ పరిశోధకులు చూపారు. నోటితోనే లోకాన్ని తెలుసుకొనే ప్రాణి అది. దాని నోరు చీలితే మనకు వ్రేళ్లూ కండ్లూ పోయినట్లు.

అయినా నన్ను మార్చింది చేప కాదు. ఇక్కడికి వచ్చాను కాబట్టి ఆ బరువు దించుతాను.

2008లో నేను మహబూబాబాదు పరిసరాల్లో ఒక ఊరి బడిలో పనిచేస్తున్నాను. మాకు అలవాటైన పేరు మానుకోట. ఊరి చెరువులో బొచ్చెలు బాగా పెరిగాయి. ఎంతసేపు కూర్చున్నా నా ఒంటరి గాలానికి అవి అందడం లేదు. పక్కన ఒకాయన గుత్తిగాలం వేసి గంటకొకటి లాగుతున్నాడు. గణపసముద్రం పెద్దాయన మాట గుర్తుకు రాకపోలేదు. గుర్తుకు వచ్చినా మూడు గాలాలు తీసుకొని, కాడలు కలిపి, ఎర్రటి పట్టుదారంతో బిగించి చుట్టాను. చుట్టడం చక్కగా వచ్చిందని మురిసిపోయాను కూడా. ఆ వారం బొచ్చెలు పడ్డాయి. మరుసటి వారం ఒకటి బలంగా లాగి, నీటమునిగిన తుమ్మమొద్దు చుట్టూ తిరిగి తంగూసును తెంపుకొని పోయింది. గుత్తి మొద్దుకు చిక్కి ఉండిపోయింది. ఇంకొకటి కట్టుకొన్నాను.

వేసవి వచ్చింది. నీరు వెనుకకు పోయింది. మొద్దులు బయటపడ్డాయి. బర్లను కడగడానికి దిగిన పదమూడేండ్ల పిల్లవాడి మడిమలో గాలం దిగింది. వాడు మా బడిలో ఎనిమిదో తరగతి చదువుతున్నాడు. కేకలు విని ఇంట్లో ఉన్న నేను వెళ్లేసరికి నలుగురు చేరి వాడిని గట్టుమీద కూర్చోబెట్టారు. ఒక గాలం మాంసంలో పూర్తిగా దిగి ఉన్నది, రెండు బయట వేలాడుతున్నాయి. కాడల చుట్టూ బురద పట్టిన ఎర్రదారం కనబడుతున్నది.

ముల్లున్న గాలం వెనుకకు రాదు. లాగితే చీలుస్తుంది. వైద్యుడు దానిని ముందుకే పొడిచి, మొనను చర్మం బయటికి తెప్పించి, ముల్లును కత్తిరించి, ఆ తరువాత వెనుకకు తీశాడు. పిల్లవాడు నా చేయి పట్టుకొని అరిచిన అరుపు నాకు ఇప్పటికీ వినబడుతుంది. ధనుర్వాతం సూదికీ మందులకూ నేనే డబ్బు ఇచ్చాను. సారుది ఎంత మంచి మనసని వాడి తల్లి చేతులు జోడించింది. ఊరివారు కూడా అదే అన్నారు. ఆ గాలం నాదని నేను చెప్పలేదు. ఆ రోజు చెప్పలేదు, ఆ తరువాత కూడా చెప్పలేదు. ఆ సంవత్సరమంతా వాడిని తరగతిలో చూసినప్పుడల్లా కండ్లు పుస్తకంలోకి దించుకొనేవాడిని. ఇక్కడ చేపలవేట ఊసు ఎత్తకపోవడానికి కారణం ఇదే.

2018లో నేను పదవీవిరమణ చేసిన కొద్ది నెలలకు వాడు పెండ్లిపత్రిక తీసుకొని జనగామకు వచ్చాడు. పత్రిక మీద తెలుగు తప్పులుంటే చూడమన్నాడు. చూసి ఇస్తూ ఆ మాట చెప్పేశాను. వాడు కొంతసేపు ఊరుకొన్నాడు. "నాకు అప్పుడే ఎరుక సార్. ఎర్రదారం మీ గాలాలకే ఉంటది. మీరు కట్టంగ సూసిన" అన్నాడు. మరి ఎవరికీ ఎందుకు చెప్పలేదని అడిగాను. "మీరు సారు గద" అన్నాడు. వెళ్లేటప్పుడు గుమ్మం దగ్గర ఆగి, "ఇప్పుడు గూడ మూడే కడుతున్నరా సార్?" అని అడిగాడు. లేదన్నాను. అది అబద్ధం. ఆ సాయంత్రం పెట్టె తెరిచి గుత్తులన్నీ విప్పి, దానిని నిజం చేసుకొన్నాను.

భారతం ఉద్యోగపర్వంలో విదురుడు ధృతరాష్ట్రుడికి చెప్పిన నీతిలో ఒక ఉపమానం ఉన్నది. మంచి ఆహారం మాటున ఉన్న ఇనుప గాలాన్ని చేప మింగుతుందనీ, ముందు వచ్చే కీడును చూడదనీ. ఏనుగు, లేడి, మిడుత, తుమ్మెద, చేప ఒక్కొక్క ఇంద్రియం వల్ల చెడతాయనీ, చేపను చెరిచేది జిహ్వ అనీ నేను కూడా ఎన్నోసార్లు పిల్లలకు చెప్పాను. ముప్పై నాలుగేండ్లు చేప ఆశ గురించే పాఠం చెప్పాను. ఒడ్డున కర్ర పట్టుకొన్నవాడి ఆశ గురించి ఒక్కనాడూ అడగలేదు, పిల్లలూ అడగలేదు. గణపసముద్రం పెద్దాయన చెప్పింది అదే. "సారూ, గాలం చేప నోటికి సరిపోవాలె గని మన ఆశకు గాదు."

ఒక్క గాలంతో బొచ్చె పడదనేవారికి ఒక మాట. ఇంగ్లండులో 1980 ప్రాంతంలో కార్పు వేటగాండ్లు ఒక ఉపాయం కనిపెట్టారు. ఎరను గాలానికి గుచ్చరు. గాలపు వంపు దగ్గర వెంట్రుక వలె సన్నని దారాన్ని వేలాడదీసి, ఆ దారానికి ఎరను గుచ్చుతారు. గాలం ఖాళీగా ఉంటుంది. కార్పు ఎరను పీల్చినప్పుడు తేలికైన గాలం కూడా వెంట లోపలికి పోతుంది, ఊసేటప్పుడు పెదవికి తగులుకొంటుంది. వారు దానిని వెంట్రుక కట్టు అనే అర్థం వచ్చే పేరుతో పిలుస్తారు. చేప నోటి పనితీరును అర్థం చేసుకొంటే ఆరు గాలాల పని ఒకటి చేస్తుందనడానికి ఇదే నిదర్శనం. నానబెట్టి ఉడికించిన శనగ గింజతో బంగారుతీగకు నేను ఇట్లాగే వేస్తున్నాను. బొచ్చెలు మునుపటి కంటే తక్కువ పడుతున్నాయి. నిజం ఒప్పుకొంటాను. తక్కువ పడితే ఏమయింది? నేను దానిమీద బ్రతికేవాడిని కాను.

ఇక్కడ ఒక సందేహం రావచ్చు. చేపలవేటే కూడుగా ఉన్నవారికి ఈ నీతులు చెప్పడం న్యాయమా? కాదు. వారికి చెప్పడం లేదు. వల వేసి బ్రతికే బెస్తవారికీ ముదిరాజులకూ నా సలహా అక్కరలేదు, నేర్చుకోవలసింది నేనే. ఈ మాట నావలె సరదాకు కర్ర పట్టేవారికి. పరదేశాలలో పట్టిన చేపను తూచి, ఫోటో తీసి, తిరిగి నీటిలో వదులుతారట. మన ఇండ్లలో పులుసు పొయ్యి మీద ఎక్కవలసిందే, అందులో నాకు సంకోచం లేదు. తినడానికి పట్టేది పట్టవచ్చు. తినలేనిదానిని గాయపరచే హక్కు మాత్రం మనకు లేదు. వ్రేలెడు పిల్ల పడితే తడిచేతితో తీసి వదిలివేయాలి. మన జనగామ జిల్లాలోని బమ్మెర పోతన గారి ఊరు. ఆయన భాగవతం అష్టమస్కంధంలో సత్యవ్రతుడి దోసిలిలోకి వచ్చిన చేపపిల్ల పెద్ద చేపల నుండి కాపాడమని వేడుకొంటుంది. దోసిలిలో చేపపిల్ల కనబడితే ఈ జిల్లావాడికి ఆ కథ గుర్తుకు రాకపోతే ఎట్లా?

ముల్లు లేని గాలం కొనాలంటే మన అంగళ్లలో సులభంగా దొరకదు. దానికి బాధ లేదు. పటకారుతో ముల్లును నొక్కితే చదునవుతుంది. చేప జారిపోతుందని భయం అక్కరలేదు. తంగూసును వదులు కానీయకుండా బిగువుగా ఉంచితే చాలు. మొదట్లో నాలుగు పోతాయి, తరువాత చేయి నేర్చుకొంటుంది. పిల్ల చేపను వదలడం సులభం. మన వ్రేలికి దిగినా, మరొకరి మడిమకు దిగినా, వచ్చిన దారినే వెనుకకు వస్తుంది. తుప్పు పట్టే లోహం ఎందుకన్నానో ఇప్పుడు అర్థమయి ఉంటుంది. తెగిపోయిన గాలాన్ని మనం మరిచిపోయినా, నీరు దానిని మెల్లమెల్లగా తినివేస్తుంది. తంగూసు మాత్రం కరగదు. తెగిన ముక్క కొంగల కాళ్లకూ నీటికాకుల మెడలకూ చుట్టుకొంటుంది. దానిని చుట్టి జేబులో వేసుకొని ఇంటికి తేవాలి.

చివరగా చెరువు ఎవరిదన్న మాట. బొచ్చె, రవ్వు, మోసు వానకాలపు వరదల్లో నదుల్లో గుడ్లు పెట్టేవి. ఊరి చెరువు నిలువనీటిలో పెట్టవు. బంగారుతీగ ఒక్కటే చెరువులోనే నాచుకు గుడ్లు అంటించి పిల్లలు చేస్తుంది. పూర్వం పిల్లలను నదుల్లో ఏరి తెచ్చేవారు. 1957లో ఒడిశాలోని అంగుల్‌లో హీరాలాల్ చౌధురి, అలికున్హి గార్లు మన కార్పులకు సూదిమందు ఇచ్చి గుడ్లు పెట్టించిన తరువాతనే పిల్లల ఉత్పత్తి మన చేతికి వచ్చింది. తెలంగాణలో 2016-17 నుండి ప్రభుత్వం చెరువుల్లో ఉచితంగా చేపపిల్లలను వదిలే పథకం మొదలుపెట్టింది. ఎండిపోయే చెరువులకు 35 నుండి 40 మిల్లీమీటర్ల పిల్లలు, నీరు నిలిచే చెరువులకు 80 నుండి 100 మిల్లీమీటర్ల పిల్లలు. అంటే మన గాలానికి పడే ప్రతి బొచ్చె వెనుక ఎవరో మోసి తెచ్చి వదిలిన చేయి ఉన్నది, దానిని కాచుకొనే మత్స్యసహకార సంఘం ఉన్నది. కర్ర పట్టేముందు సంఘం పెద్దలను ఒక మాట అడగడం మర్యాద. అడిగితే కాదన్నవారు నాకు అరుదు.

మానుకోట వైపు బయ్యారంలో పెద్దచెరువు ఉన్నది. గణపతిదేవుడి సోదరి మైలాంబ తవ్వించి ధర్మకీర్తిసముద్రమని పేరు పెట్టింది. కాకతీయుల వంశక్రమం చెప్పే ప్రసిద్ధ శాసనం ఆ చెరువుదే. తటాకం సప్తసంతానాల్లో ఒకటని మన పెద్దలు అన్నారు, కన్నబిడ్డతో సమానమని లెక్క కట్టారు. ఆమె తవ్వించి ఎనిమిది వందల ఏండ్లయింది, నీరు ఇంకా పొలాలకు పారుతున్నది. అటువంటి నీటిలో మనం విడిచిపోయేది మొద్దుకు చిక్కిన మూడు మొనల గుత్తి కాకూడదు.

మేనల్లుడికి ఆ పొట్లం తిరిగి ఇవ్వలేదు. బదులుగా నా పెట్టెలోనుండి ఆరో నంబరు గాలాలు పది తీసి, ముల్లు నొక్కి, కాగితంలో చుట్టి ఇచ్చాను. గోరుమీద పరీక్ష చూపించాను. "ఒక్కటే కడితే పడతాయా మామయ్యా?" అని మళ్లీ అడిగాడు. పడకపోతే రెండో గాలం కట్టవద్దనీ, ఇంకొంతసేపు కూర్చొమ్మనీ చెప్పాను.

ఆ పిల్లవాడికి ఇప్పుడు ఇద్దరు పిల్లలు. పండుగకు ఫోన్ చేస్తుంటాడు. ఈ టపా చదువుతాడో లేదో తెలియదు. చదివితే, ఆనాడు గుమ్మంలో అడిగినదానికి జవాబు ఇది. ఒక్కటే కడుతున్నాను నాయనా. దారం మాత్రం ఎర్రదే.

సెలవు.